వంగని దుంపముక్క

మా మేడమీద వాటాలో ఉండే సైన్సు టీచరు నెమ్మదస్తురాలు. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. మెట్ల దగ్గరే కూర్చుంటాను గనక పెంచితే వినేదాన్నే. బళ్లో ఆమెది తాత్కాలికపు ఉద్యోగం. ఒక పాఠం విన్నాకే ఖాయం చేసేదీ మానేదీ తేలుస్తానన్నాడు హెడ్మాస్టరు.

ఆ పాఠం రోజు తెల్లవారుజామునే లేచి, బంగాళాదుంపను వేలెడు ముక్కలుగా కోసి రెండు గాజుసీసాల్లో వేసి, ఒకదాంట్లో ఉప్పునీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు పోసింది. మొదటిదానికి ‘ఉప్పు’ అని చీటీ అంటించింది. ఏదో అలికిడైతే పైకెళ్లాను.

“ఏం కూరమ్మాయ్?”

“కూర కాదు పిన్నిగారూ, పాఠం. ఉప్పునీళ్లు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తాయి, ముక్క మెత్తబడుతుంది. మంచినీళ్లలోదేమో నీళ్లు తాగి బిర్రుగా ఉంటుంది.”

“దోసకాయ ముక్కల మీద ఉప్పు చల్లితే నీరూరుతుందే, అదా?”

“అదే!” అని స్నానానికి పోయింది. నేనూ కిందికి దిగాను.

తర్వాత వంటింట్లోకి ఆవిడ అత్తగారు వచ్చింది. వాడిపోయిన కాయను పారెయ్యడం ఆ ఇంట్లో లేదు. మంచినీళ్లలో వేసి నిగారింపు తెప్పిస్తుంది. ఒక సీసాలో ముక్కలు మెత్తగా తగిలేసరికి, నీళ్లు పారబోసి, శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు పోసి మూత బిగించింది. చీటీ చదవాలంటే కళ్లజోడు కావాలి. అది మంచం మీద ఉంది. టీచరు ఆ సీసాలే సంచీలో పెట్టుకుని బడికి పోయింది.

పాఠం మధ్యాహ్నం. మా మనవరాలిది ఆ తరగతే కాబట్టి తర్వాతి సంగతి నాకు పూర్తిగా తెలుసు.

“చూడండి, ఇది వంగుతుంది” అంటూ టీచరు ఉప్పు సీసాలోని ముక్కను వంచింది. పుటుక్కున విరిగింది. పిల్లలు ఘొల్లుమన్నారు. వెనక బల్ల మీద హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

టీచరు సీసాలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

“చప్పగా ఉంది. ఏం జరిగి ఉంటుంది?”

“మీ ఇంట్లో ఎవరో కడిగేశారు టీచర్!” అంది మా మనవరాలు. “మా నాయనమ్మా అంతే. వాడిన కొత్తిమీర కనిపిస్తే చాలు, నీళ్లలో ముంచేస్తుంది.”

“మరి మెత్తబడ్డ ముక్క మళ్లీ ఎలా బిగిసింది?”

“పోయిన నీళ్లు మళ్లీ లోపలికెళ్లాయి టీచర్!” అని నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు.

ఆవిడ మరో ముక్కను పల్చగా తరిగి, పిల్లల మధ్యాహ్న భోజనం దగ్గర్నుంచి ఉప్పు తెప్పించి చల్లింది. గంట కొట్టేలోపు ఆ రేకులు నీరు కక్కి, పట్టుకుంటే తడిబట్టలా వేలాడాయి.

“ఉద్యోగం ఖాయం చేస్తున్నాను మేడమ్” అన్నాడు హెడ్మాస్టరు. “ఇకమీదట మాత్రం ముక్కలు బళ్లోనే నానబెట్టండి.”

ఇంటికొచ్చి చెబితే అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుంది. “నేను కడగబట్టేగా ఉద్యోగం ఖాయమైంది!”

“అవునత్తయ్యా” అంది టీచరు.

మర్నాడు వంటింట్లోని ఉప్పు డబ్బా టీచరుతోపాటు బడికి వెళ్లిపోయింది. అత్తగారు గిన్నె పట్టుకుని, సణుక్కుంటూ, ఉప్పు కోసం మా ఇంటికి దిగింది.