వీధి కీడు తిన్న మా మేనత్త

1944, మార్గశిరం, శుక్రవారం. ముసురు. పొద్దున్నే కోళ్ల గంప ఎత్తి, తడిసిన బూడిద ఊడ్చి పొడి బూడిద చల్లాను. మొన్న మా మేనత్త జ్వరంతో పోయింది. పక్కిల్లే ఆమెది.

రోజూ ఈ లెక్కల పుస్తకంలో నేను రాసేది నూలు, నేత, ఇంటి ఖర్చు. మనుషుల గురించి రాయడం అలవాటు లేదు. ఎప్పుడైనా ఇది చదివే, ఆమెను ఎరగని మీకు ముందు ఆమె చేసిన పని చెప్పాలి.

మా నగరి వైపు ఊళ్లలో కోడి వింత గుడ్డు పెడితే ఇంట్లో ఉంచరు. పెంకు లేని తోలుగుడ్డయినా, పచ్చసొన లేని గోలీకాయంత గుడ్డయినా ఆ ఇంటికి కీడని మూడుదారుల కాడ పారేస్తారు. కోడిని కోసేస్తారు. మా వీధివాళ్లు మాత్రం వాటిని అత్త దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆమె గుంత గరిటెలో పొరటి, తెచ్చినవాళ్ల ఎదుటే తినేది. "ఉప్పు తగిలింది గాని కీడేమీ తగల్లేదప్పా. బియ్యం గూడా కొలిచిచ్చే ఈ కంట్రోలు కాలంలో గుడ్డు పారేసేదే కీడు" అనేది.

పోయినేడు మా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా నల్లపెట్ట గోలీకాయంత గుడ్డు పెట్టింది. అది చూసి నా భార్య తలుపు మూల కూలబడిపోయింది. నేను అత్తను పిలుచుకొచ్చాను. ఆమె గుడ్డు పగలగొట్టి చూపించింది.

"పెట్ట పడుచుది, పని నేర్చుకుంటా ఉండాది. నువ్వు మొదట నేసిన పంచె ఎట్లుండెనో మర్సిపోయినావా?"

"అంచు వంకర పోయింది."

"దాన్ని మూడుదారుల కాడ పారేసినామా? మీ మామ కట్టుకోలా?"

"సంతలో చినిగిపోయింది గదత్తా."

"చినిగితే చినిగింది. మనిషి బతికే ఇంటికొచ్చినాడు గదా."

ఎన్నాళ్లకో నా భార్య నవ్వింది.

అత్త కోడిని రెక్క పట్టి ఎత్తేది కాదు, కడుపు కింద అరచెయ్యి పెట్టేది. పెంకు పలచబడితే నత్తగుల్లలు దంచి నూకల్లో కలిపేది. గుడ్డు అడ్డం పడి కోడి ముక్కుతుంటే గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి, ఆముదం రాసి, అట్లే పట్టుకునేది. "పిసికితే లోపలే పగులుతాది. నీ చెయ్యి వణికితే దానికీ బెదురు పుడతాది" అనేది.

మొన్న ఆమెను కాటికి తీసుకెళ్లేటప్పుడు ఎదురింటాయన వాకిట్లోనే అన్నాడు: "వీధి కీడంతా మింగింది గదబ్బా. ఊరికే పోతాదా?"

నా భార్య విన్నది. ఇప్పుడామెకు మళ్లీ నెలలు నిండాయి.

"మన గుడ్డు గూడా తినింది గదా. ఇంక ఆ కీడు యాడికి పోతాది?" అని అడిగింది. జవాబు చెప్పడానికి అత్త లేదు.

ఈ పొద్దు గంప ఎత్తితే నల్లపెట్ట లేవలేదు. తోక దించి ముక్కుతోంది. నా భార్య చూసింది. కోసేద్దామని నేననలేదు, ఆమె గూడా అనలేదు. నీళ్లు కాచి, ఆముదం రాసి పట్టుకున్నాను. నా చేతులు నిలవలేదు. కోడి కొట్టుకుంది.

"జరుగు," అని ఆమె కష్టం మీద కింద కూర్చుంది. కోడి కడుపు కింద అరచెయ్యి పెట్టింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది గాని చెయ్యి కదల్లేదు. చాలాసేపటికి గుడ్డు జారింది. తోలుగుడ్డు. ఆమె అరచేతిలో వేడిగా, మెత్తగా అటూ ఇటూ కదులుతోంది.

"నేను తింటాలే," అన్నాను.

"సగం నాకుంచు."

పొయ్యి కాడికి పోయింది. కోడి లేచి నీళ్లు తాగింది. పొయ్యి రాజేలోపు అత్త గురించి ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. లోపల ఊదుగొట్టం చప్పుడు వినిపిస్తోంది. వాన హెచ్చింది.

ఊదుగొట్టం ఆగింది. పెళ్లయినప్పటి నుంచి ఒక్కనాడూ నా పేరు ఎత్తని మనిషి, పేరు పెట్టి పిలుస్తోంది. మళ్లీ పిలుస్తోంది, నొప్పులేమో. కోళ్లకు ఇంకా నూకలు వెయ్య—