గడప దాటని పై గొంతు

"లోపలికైనా పో, ఇంటికైనా రా! నడి రోడ్డు మీద వానలో ఆ నిలబడటం ఏంటి?"

"రోడ్డు దేవుడిదే."

"రోడ్డు దేవుడిదైతే గొడుగు నాది. ఇటివ్వు!"

కల్లు దుకాణం చెక్కగోడకు ఆనుకుని కూర్చున్న జొంగ్గి గ్లాసు కింద పెట్టి విన్నాడు. తిడుతున్నది లస్మా నాయనమ్మ. తిట్లు తింటున్నది లస్మా తాత. మనవరాలు లస్మా పుట్టిన రోజు నుంచి సమోసిర్ దీవిలో వాళ్ల సొంత పేర్లు ఎవరికీ గుర్తులేవు. నాయనమ్మ గొడుగు లాక్కుని వెళ్లిపోయింది. తాత కదల్లేదు.

ఆయన జొంగ్గికి మేనమామ. ఆయన తండ్రి ఒక్క సాయంత్రం తాగి, ఉన్న రెండు గేదెల్నీ పేకాటలో పోగొట్టాడు. ఆ మర్నాడే ఈయన, పదహారేళ్ల వయసులో, తల్లి ముందు ఒట్టేశాడు: కల్లు ముట్టను, పేక పట్టను, దుకాణం గడప తొక్కను. యాభై ఏళ్లయింది, తొక్కలేదు. అలాంటి మనిషిని భరించడం కష్టం. పైగా ఎవరికీ నీతులు చెప్పడు. అది ఇంకా కష్టం.

వచ్చిన చిక్కల్లా, ఈ ఆదివారం చర్చి నూరేళ్ల పండగ. నాలుగు గొంతుల పాట పాడాలి. మగవాళ్ల పై గొంతులో తాతకు జతగా పాడే కుర్రాళ్లంతా పని వెతుక్కుంటూ బాతం దీవికి వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలిన మంచి గొంతులన్నీ దుమారిస్ కల్లు దుకాణంలో ఉన్నాయి. వాటిలో మేలైనది జొంగ్గిది. పొద్దున చెట్టెక్కి కల్లు గీసేది అతనే, సాయంత్రం తాగేదీ అతనే.

అందుకని సోమవారం నుంచి మామ రోజూ సాయంత్రం వచ్చి పాట నేర్పుతున్నాడు. ఆయన వాకిట్లో, గొంతులు లోపల.

మంగళవారం వాన పట్టుకుంది. దుమారిస్ జాలిపడి చూరుకు టార్పాలిన్ కట్టించింది. తాత తలెత్తి చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఏం అన్నయ్యా, టార్పాలిన్ కూడా తాగుతుందా?"

"నీ దుకాణానిదేగా తల్లీ. దాని కింద నిలబడితే లోపలున్నట్టే."

ఆమెకు పంతం పుట్టింది. బుధవారం ఇంకో పట్టా కలిపింది. ఆయన పందుల దొడ్డి పక్కకు జరిగాడు. ఇవాళ గురువారం ఇంకోటి కలిపింది. ఆయన రోడ్డెక్కాడు.

ఇప్పుడు గొడుగూ లేదు. రేకుల మీద వాన మోతకు పాటలో సగమే లోపలికి వస్తోంది.

"అది మామ పాడాడా, పంది అరిచిందా?" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు.

జొంగ్గీ నవ్వాడు. నవ్వుతూనే చెక్కల సందులోంచి చూశాడు. మామ ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. చేత్తో తాళం వేస్తూ, నోరు బార్లా తెరిచి పై స్వరం పట్టుకున్నాడు. ఒక్క ముక్కా వినపడలేదు. జొంగ్గి లేచి చూరు కిందికి వెళ్లాడు. వినపడలేదు. టార్పాలిన్ చివరిదాకా వెళ్లాడు. అక్కడా అంతే.

"ఎక్కడికిరా, తాగుతూ తాగుతూ?"

"వినపడట్లా," అని వానలోకి దిగాడు.

కాసేపటికి ఒక్కొక్కడూ గ్లాసు వదిలి రోడ్డు మీదికి వచ్చాడు. "నా బేరం కాస్తా దేవుడెత్తుకుపోయాడు!" అని గొణుక్కుంటూ దుమారిస్ నెత్తిన సంచి కప్పుకుని వచ్చి, ఆడవాళ్ల గొంతు అందుకుంది. పాట మూడుసార్లు చివరిదాకా సాగింది.

వానలో తడిసి తడిసి, శనివారానికి మామ గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"ఏం పర్లేదు మామా," అన్నాడు జొంగ్గి, ఆయన మంచం పక్కన కూర్చుని. "రేపు ఊరికే పెదాలాడించు. నేను పాడతాగా. ఎవరికి తెలుస్తుంది?"

ఆ రోజు టార్పాలిన్ వంక చూసినట్టే మామ అతని వంక చూశాడు.

"దొంగ పాట వద్దు," అన్నాడు గుసగుసగా. "నా చోట నువ్వు నిలబడు అల్లుడూ. పక్కన నేను నోరు మూసుకుని నిలబడతా. ఎవరైనా అడిగితే, అలిగి కాదు, గొంతు పోయిందని చెప్పు." వంటింటి వైపు ఒకసారి చూసి, జొంగ్గి చెవి దగ్గరికి జరిగాడు. "మీ అత్త దగ్గర మాత్రం గొడుగు మాట ఎత్తకు."