హీరో ముఖానికి రంగు

సాయంత్రం నాలుగూ పదికి మాచర్ల బస్సు రెంటచింతలలో ఆగింది. కండక్టరు మా మిషన్ బడి గేటు దాకా వచ్చి నాకొక ఉత్తరం ఇచ్చిపోయాడు. నరసరావుపేట నుంచి మా ఆయన పంపింది. ఆయన అక్కడి సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో బోర్డులకు బొమ్మలు వేసేవారు.

"మన హాలుకి పెద్ద నటుడు వస్తున్నాడు. సన్మానంలో ఇవ్వడానికి నిలువెత్తు బొమ్మ నన్నే వేయమన్నాడు ఓనరు. మూలన నా పేరు రాసుకోవచ్చన్నాడు. బోర్డు మీదైతే హీరోకి గులాబి, విలనుకి ఆకుపచ్చ, ఆలోచించే పనిలేదు. ఇది ఒక మనిషి బొమ్మ. ఇచ్చిన ఫొటో నలుపూ తెలుపూ. మేకప్ లేకుండా అతన్ని చూసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. ఏ రంగంటావు?"

అన్నేళ్ల పనిలో పేరు రాసుకోమనడం అదే మొదలు.

మా అత్తగారికి చదివి వినిపించాను.

"ఏందే, సినిమావోడి రంగు మనల్నడిగేది? వాడేమన్నా మన అల్లుడా?"

"చెప్పకపోతే మీ అబ్బాయికి నిద్రపట్టదత్తమ్మా."

"అయితే మన రంగే వెయ్యమను. ఈ ఎండలో తిరిగితే వాడూ ఇంతే."

అదే రాశాను. ఆ వారమంతా పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే, ఎక్కడో రేకుల కింద ఒక ముఖం కొంచెం కొంచెంగా తేలుతున్నట్టు అనిపించేది. నేను చూసింది కాదు. అయినా అదే గుర్తుంది.

సన్మానం అయ్యాక రెండో ఉత్తరం వచ్చింది.

"చామనచాయ వేశాను. పేరు రాశాను. సన్మానం రోజు పొద్దున ఓనరు చూసి, 'ఇంత నలుపేందయ్యా, జనం నవ్వరూ?' అన్నాడు. మార్చనన్నాను. ఇంకొకర్ని పిలిపించి ముఖమంతా గులాబి పూయించాడు. తడి ఆరకముందే ఇచ్చేశారు. ఆ నటుడు కారు దిగినప్పుడు దగ్గర్నుంచి చూశాను. మన రంగే. అమ్మతో చెప్పు. బొమ్మ చూసి చిన్నగా నవ్వి దణ్ణం పెట్టాడు. మూలన నా పేరు అట్లాగే ఉంది."

మా అత్తగారు విని, "ఆ పేరన్నా చెరిపేసి ఉండాల్సిందిరా," అంది, కొడుకు ఎదురుగా ఉన్నట్టే.

ఆయన పోయి ఈ వేసవికి ఏడాది. ఆ బొమ్మ తర్వాత ఎన్నో బోర్డులు వేశారు. దేనిమీదా పేరు రాయలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు హాళ్ల దగ్గర బొమ్మలు చేత్తో వేయడం లేదు.