ఒక పక్కే రంగున్న అత్త బండి

మా చిన్నప్పుడు... పొద్దున్నే మా అత్త గుమ్మంలో కూర్చుని పాత చీర పేలికని చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకునేది. అటు నాన్న, ఇటు అమ్మ పట్టుకుని పులిహోర గుండిగని దాని మీదికి ఎత్తేవాళ్ళు. మజ్జిగ క్యాను పట్టుకుని సందు చివరిదాకా వెళ్ళడం నా డ్యూటీ.

అత్త అంటే మా నాన్నకి సొంత అక్క. మామయ్య పోయాక తెనాలి వైపు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. నాన్న సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ఫిలింనగర్ గుట్ట వాలులో మా రేకుల ఇల్లు, ఎత్తు ఎక్కితే పైన స్టూడియో. మధ్యాహ్నం ఆ గేటు దగ్గర లైట్‌బాయ్‌లు, పెయింటర్లు అత్త కోసం కాచుకుని ఉండేవాళ్ళు. లోపల వాళ్ళకి భోజనం పెట్టినా సరే... అత్త పులిహోర ఒక ముద్దయినా పడాల్సిందే.

తర్వాత తర్వాత అత్తకి మోకాళ్ళు పట్టేశాయి. ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఏ గోడకో ఆనుకుని నిలబడిపోయేది. నెత్తిన గుండిగ... దించే మనిషి ఉండడు.

"ఇక చాల్లే అక్కా. ఇంట్లో కూర్చో. నేను లేనా?" అన్నాడు నాన్న ఒకరోజు.

అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "కూర్చుంటే మళ్ళీ లేవలేనురా. నన్ను కూర్చోబెట్టకు," అంది. గట్టిగా కూడా అనలేదు. నాన్న ఆ పూట సరిగా తినలేదు.

ఆ ఆదివారం ఎర్రగడ్డ సంత నుంచి పాత లేడీస్ సైకిలొకటి, విడి చక్రాలు భుజాన వేసుకుని వచ్చాడు. అత్తకి మూడు చక్రాల బండి చేస్తాడట. ముందు రెండు చక్రాలు, వాటి మధ్య సామాను పెట్టె, వెనక సీటు, పెడళ్ళు. సాయంత్రాలు షూటింగ్ అయ్యాక వచ్చి సందులోనే పని. మేకులు అందించేది నేను, మధ్యమధ్యలో వంకలు పెట్టేది అత్త. స్టూడియోలో మిగిలిన ప్లైవుడ్‌తో పెట్టె చేసి, అంచుల వెంట లతలు కూడా చెక్కాడు. చూడ్డానికి రాజుగారి రథమే.

మొదటి రోజు గుండిగ పెట్టాం... సందు మలుపు తిరగకముందే పెట్టె అడుగు ఫట్‌మని విరిగింది. పులిహోరంతా మట్టిపాలు. నాన్నకి అలవాటు మరి. సెట్టు అన్నాక షూటింగ్ అయ్యేదాకా నిలబడితే చాలు, ఆ మర్నాడు ఎలాగూ పీకేస్తారు.

అత్త కింద కూర్చుని మెతుకులు ఎత్తుతూ, "పోనీలేరా. ఇంట్లోనే ఉంటాలే," అంది. అత్త అలా ఒప్పేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా భయమేసింది.

పక్క సందులో గేట్లు వెల్డింగ్ చేసే యాదగిరి మామ వచ్చి ఆ విరిగిన పెట్టెని అటూ ఇటూ తట్టి చూశాడు.

"అన్నా, గిది సినిమాల మస్తుగుంటది గని గుట్ట మీద నడువది. నా దగ్గర ఇనుప ముక్కలున్నయి, కింద ఫ్రేమ్ నేను కడ్త. నువ్వు పైన పువ్వులు చెక్కుకో," అన్నాడు. అత్త వైపు తిరిగి, "ఫికర్ జెయ్యకక్కా. దిగేటప్పుడు ఆగాలె గద, బ్రేకు గూడ గట్టిది పెడ్త," అన్నాడు.

ఈసారి బండి నిలబడింది. నాన్న దాన్ని మా ఇంటి ఎదురుగా ఉన్న బండరాయికి ఆనించి నీలం రంగు వేసి, పసుపు అంచు దిద్దాడు. అత్త మురిసిపోతూ చుట్టూ తిరిగి చూసి ఆగిపోయింది. రాయి వైపున్న పక్కన ఉత్త చెక్కే ఉంది.

"ఒరేయ్... ఇటు పక్కో?"

"అటెవరు చూస్తారక్కా? కెమెరాకి కనబడేది ఇటే కదా," అన్నాడు నాన్న ఆలోచించకుండా. తర్వాత తనకే నవ్వొచ్చింది. సందంతా నవ్వింది.

పొద్దున బండిని మెల్లగా తోసుకుంటూ అత్త గుట్ట ఎక్కుతుంటే, మా గుమ్మంలోంచి నీలం పక్క కనిపించేది. సాయంత్రం ఖాళీ గుండిగతో దిగేటప్పుడు చెక్క పక్క. అప్పుడు మాత్రం తోసేది కాదు. దర్జాగా సీటెక్కి, కొంగు నడుముకి దోపుకుని, బ్రేకు మీద చెయ్యేసి వచ్చేది. జూబ్లీహిల్స్ కార్లవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు.

చెక్క పక్క కనబడగానే "అత్తొచ్చింది" అని నేను పరిగెత్తేదాన్ని. నాన్న రెండో పక్క కూడా రంగేస్తానంటే అత్త వెయ్యనివ్వలేదు. "ఉండనీరా. పిల్ల నన్ను గుర్తుపట్టేది దాంతోనే," అనేది.

నేను ఏడో క్లాసులో ఉండగా... ఒక సాయంత్రం మలుపులో చెక్క పక్క కనిపించింది. ఎప్పటిలాగే "అత్తొచ్చింది" అని పరిగెత్తాను. బండి తోసుకొస్తున్నది నాన్న. గుండిగలో పులిహోర అలాగే ఉంది. అత్త గేటు దగ్గర కాస్త నీరసంగా ఉందని కూర్చుందట. కూర్చుంటే లేవలేనని తనే చెప్పింది కదా... మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు ఆ వాలు నిండా అద్దాల మేడలు, కాఫీ షాపులు. ఈమధ్య అటు వెళ్తే మా ఇల్లు ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. ఎదురుగా ఉన్న బండరాయినీ కొట్టేశారు. అన్ని బండ్లకీ రెండు పక్కలా రంగే... అయినా ఆ మలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. అత్తని చూడాలనిపించింది.

మీ ఇంటి మనిషి వస్తున్నారని మీకు దూరం నుంచే ఏది చెప్పేది? చెప్పండి... మీ వాళ్ళనైనా వస్తుంటే చూస్తాను.