శుక్రవారం కట్టిన ప్రీమియం

పెందుర్తిలో బీమా ఏజెంటునని బోర్డు పెట్టుకున్న కొత్తలో నాకు దొరికిన మొదటి బేరం మా అక్క మొగుడే. కొత్త ఏజెంటుకి ముందు చుట్టాలు దొరుకుతారు, తరవాతే లోకం. బావకి కంచరపాలెంలో వెల్డింగ్ షాపు. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా అంటగట్టాను.

"పెట్రోలు బంకులో ప్రీమియం, అపార్టుమెంటు బోర్డు మీద ప్రీమియం, ఆకరికి బిర్యానీ డబ్బా మీద కూడా ప్రీమియమే. ఆ మాటున్న కాడల్లా రేటెక్కువ, సరుకు అదే" అన్నాడు బావ. "సీటీ కడితే ఎప్పుడో పాటలో పాడుకుని డబ్బు తెచ్చుకుంటాను. మాకు రోగం రాకపోతే ఈ డబ్బేటవుద్ది?"

"ఏమీ అవదు బావా. వీధిలో గూర్ఖాకి నెలనెలా ఇస్తున్నావు కదా, దొంగ రాలేదని తిరిగి అడుగుతున్నావా? ఇదీ అంతే. భయాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టినందుకు ఇచ్చే ధర."

"గూర్ఖా ఈలేత్తాడురా. మీ కంపెనీ ఎప్పుడైనా ఏసిందేటి?"

అయినా కట్టాడు. బామ్మర్ది మొహం చూసి కట్టాడు తప్ప, నా ఉపన్యాసం విని కాదు.

కొన్నాళ్లకి అక్కకి కడుపులో నొప్పి మొదలైంది. గర్భసంచిలో గడ్డలన్నారు డాక్టరుగారు. ప్రాణానికి భయం లేదు గానీ ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదన్నారు. పాలసీ కాగితాలు తిరగేస్తే, అలాంటి ఆపరేషన్లకి రెండేళ్లు నిండితేగాని కంపెనీ డబ్బివ్వదని ఉంది. అక్క మాత్రలు మింగుతూ రోజులు లెక్కపెట్టుకుంది. ఆ రెండేళ్లూ నిండాయి. మూడో ఏడు ప్రీమియం కట్టడమే తరువాయి.

గడువు తేదీ మంగళవారం పడింది. బావది పద్మనాభం ఊరి వైపు రైతు కుటుంబం. మంగళ, శుక్రవారాల్లో గుప్పెడు గింజలు కూడా గడప దాటనివ్వని ఇల్లు. బుధవారం గుర్తులేదన్నాడు. తరవాత అమావాస్య అన్నాడు. మంచిరోజు చూద్దామన్నాడు. ఆలస్యమైతే కంపెనీ నెల్లాళ్లు ఓపిక పడుతుందని నోరుజారి చెప్పిన వెధవని నేనే. ఆ నెల్లాళ్లలో చివరి రోజు శుక్రవారం!

ఆ సాయంత్రం పరుగున వాళ్లింటికి వెళ్లాను.

"రేపు పొద్దున్నే కట్టీత్తాను" అన్నాడు.

"రేపటికి పాలసీయే ఉండదు బావా. కొత్తది తీసుకుంటే మళ్లీ మొదటినుంచి రెండేళ్లు ఆగాలి. పోనీ నేను కట్టేస్తాను, రేపివ్వు."

"అది అప్పు కాదేటి? సుక్రారం పూట బామ్మర్ది దగ్గర అప్పా?"

నాకు ఒళ్లు మండింది. ఇనుముని కరిగించే మనిషి వారం పేరుకి వణుకుతున్నాడని నోటికొచ్చినట్టు అన్నాను. బావ నవ్వాడు.

అక్క గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. "సుక్రారం డబ్బు బయటకెల్తే లచ్చిమి ఎల్పోద్దంటన్నావు. మరి నాను ఎల్పోతే?" అంది నెమ్మదిగా.

బావ నవ్వు ఆగిపోయింది. ఫోన్ తీసి, నేను చెప్పిన చోటల్లా నొక్కాడు. రసీదు వచ్చింది. అప్పటిగ్గానీ నాకు ఊపిరాడలేదు. గెలిచానన్న సంబరం కూడా కాస్త ఉంది, దాచడమెందుకు.

"అంత నొప్పుందేటి? నాకెందుకు సెప్పలేదు?" అని అడిగాడు బావ, గొంతు తగ్గించి.

"రెండేల్లు ఓర్సుకో, పైసా కర్సవదు అన్నాడు తమ్ముడు. ఓర్సుకున్నాను" అంది అక్క.

బావ నావైపు తిరిగి చూశాడు. అంతసేపూ ఆయన మీద అరిచిన నేను తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాను.