మైదాకు కింద దాచిన వేళ్లు

నేను చేతులారా తెచ్చుకున్న అవమానం ఒకటి చెబుతాను. ఊరికే అనడం లేదు, నిజంగానే రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి మరీ తెచ్చుకున్నాను. బయ్యారంలో మా ఆడబిడ్డ యశోద వదినె కూతురి పెళ్లికి వారం ముందు ఆ ఘనకార్యం జరిగింది.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. జనగామ డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, "రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. మందులు వాడితే అదుపుల ఉంటదమ్మా. ఇంట్లోళ్లకు చెప్పు, పనులు తగ్గించుకో" అని ఎనిమిది నెలలైంది. మందులు వాడాను. చెప్పడం మాత్రం మా ఆయనతోనే ఆపేశాను. పొద్దున లేస్తే వేళ్లు చెక్క ముక్కల్లా బిగిసిపోయేవి, పాల ప్యాకెట్ పళ్లతో చింపేదాన్ని. మధ్యాహ్నానికి కాస్త కదిలేవి.

ఎందుకు దాచానంటే, సిగ్గేస్తోంది గాని, మా బంధువుల్లో సకినాలు చుట్టడమంటే నేనే. ఎవరింట పెళ్లయినా గుడ్డ పరిచి, తడి బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు వేస్తుంటే మహారాణిలా ఉండేదాన్ని. వేళ్ల సంగతి తెలిస్తే ఆ కిరీటం ఊడిపోదూ?

వదినె ఫోన్ చేసింది. "సుజాతా, సకినాలు మొదలువెడుతున్నం. నీకు తీరకపోతే చెప్పు, పరేషాన్ ఏం లేదు."

"నేను లేకుంటె ఎట్ల వదినె? రేపే వస్త!"

"అట్లనా..." అంది వదినె. ఆ "అట్లనా" ఎందుకంత నీరసంగా ఉందో అప్పుడు ఆలోచించలేదు.

రైలు మహబూబాబాద్ చేరేలోపు ఉపాయం తట్టింది. మైదాకు! మీలో కొందరు గోరింటాకు అంటారే, అదే. అది పెట్టుకున్న ఆడదానికి ఎవరూ పని చెప్పరు. మధ్యాహ్నం కడుక్కుంటే వేళ్లు వదులవుతాయి, దర్జాగా కూర్చుని చుట్టొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారి అందరికంటే ముందు లేచి, పెళ్లికూతురి కోసం రుబ్బిన మైదాకు గిన్నె చేజిక్కించుకున్నాను. చుక్కలు పెట్టుకోవడానికి వేళ్లు వంగవు కదా, అందుకే రెండు చేతులూ గిన్నెలో ముంచేశాను.

వదినె బిత్తరపోయింది. "ఏందే గిది? సకినాలు చుట్టేనాడు పొద్దుగాల్నే మైదాకా?"

"మనసాగలే వదినె."

"గీ వయసుల ఏం మనసే!"

వదినె వాళ్ల అత్త రామవ్వ చాయ్ గ్లాసు నా నోటికి అందించి తాపింది. పన్నెండింటి దాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు చేతులు కడుక్కున్నాను.

మైదాకు కడిగిన చేతిని మన ఆడవాళ్లు దూరం నుంచి చూసి వదిలిపెట్టరన్న సంగతి నాకెందుకు గుర్తు రాలేదో! "ఏదీ, ఎట్ల పండిందో చూడనీయ్!" అంటూ ఒక్కొక్కరే పట్టుకున్నారు. తిప్పారు. వేళ్లు విడదీసి గోళ్లు చూశారు. ముగ్గురి దాకా పళ్లు బిగబట్టి నవ్వాను. నాలుగో మనిషి పక్కింటి మల్లక్క, మా ఆయనకు వరసకు అక్క, పత్తి బస్తాలు ఒంటిచేత్తో లాగే మనిషి. "మస్తు పండిందే! మా తమ్మునికి నీ మీద గింత ప్రేమనా?" అంటూ నా వేళ్లన్నీ కలిపి ఒక్క పిసుకుడు పిసికింది.

నేను పెట్టిన కేకకు గోడ మీది పిల్లి అటువైపు పడింది.

"వామ్మో, ఏమైందే!" అందరూ చుట్టూ మూగారు. ఏడుస్తూ కీళ్లవాతం సంగతంతా కక్కేశాను.

"ఎనిమిది నెలల సంది గింత బాధ వడ్డవా? మాకు చెప్పవేంది?" అంది వదినె కళ్లు తుడుచుకుంటూ.

"చెప్తే నన్ను సకినాలకు పిలువరని..."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రామవ్వ గొంతు సవరించుకుంది.

"నువ్వు చుట్టినయి రాళ్లోలె ఉంటయి బిడ్డా. ఇగో, గీ పన్ను గట్లనే ఊడింది. నువ్వు అలుగుతవని ఇన్నేండ్లు ఎవ్వలం నోరు తెరువలే."

"మరి మీ ఇంట్ల పోయిన పెండ్లికి వియ్యాలోళ్లకు పంపిన సకినాలు?"

"అవి మల్లక్కయి" అంది వదినె నేల చూపులు చూస్తూ. "నీయి వేరే డబ్బల పెడుతం."

వేళ్ల కంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది. కానీ వదినె వేడినీళ్లు తెచ్చి, నా చేతులు అందులో పెట్టి, ఒక్కో వేలూ పువ్వును పట్టుకున్నట్టు పట్టుకుంటే, ఎనిమిది నెలల బరువు దిగిపోయింది. ఆ రోజు కుర్చీలో కూర్చుని పిండిలో ఉప్పు చూశాను.

కాబట్టి వంగే వేళ్లూ వంగని వేళ్లూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో నొప్పిని మైదాకు కింద దాచను. ఏ పెళ్లింటి నుంచి ఫోనొచ్చినా ముందే చెప్పేస్తాను, కీళ్లవాతం, సకినాలు చుట్టలేనని. "అయ్యో పాపం" అంటూనే వాళ్లు విడిచే ఆ హాయి నిట్టూర్పును మాత్రం విననట్టే ఉంటాను.