అన్న బస్సెక్కింది నా ఒక్కడి కోసమే అనుకున్నాను

నిన్న పొద్దున ఎప్పటిలాగే ఓబులేసన్నకు ఫోన్ చేశాను.

మా ఇంట్లో నెట్ పోయింది. అవతల ఫోన్ ఎత్తీ ఎత్తగానే, "అన్నా, మోడెంలో ఎర్ర లైటు వెలుగుతాంది" అని మొదలుపెట్టేశాను.

ఎత్తింది అన్న కాదు. సుగుణ వదిన. ఏడుస్తోంది.

"మీ అన్న సచ్చిపోయినాడప్పా జకరయ్యా. తెల్లారి ఛాతీలో నొప్పి అన్న్యాడు. ఆస్పత్రి దాకా గూడా పోలేదు."

ఎన్నో చావు ఇళ్లలో బైబిల్ వాక్యం చెప్పినవాణ్ణి. ఆ పూట మాత్రం వెళ్లి మోడెం ఆపేశాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్ నడిపింది ఈ అన్నే. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి సెంటర్ మూతపడింది. అయినా ఎవరి పాత కంప్యూటర్ మొండికేసినా అన్నకే కాల్.

నంద్యాలలో నా డెస్క్‌టాప్ అన్న చేత్తో పెట్టిందే. మా ఆదివారం ఆన్‌లైన్ ప్రార్థన దాని మీదే. ఫోన్ చేతిలో పట్టుకుని వాక్యం చెప్పడం నాకు చేతకాదు.

ఒక శనివారం ఏమైందంటే, ఏ పేజీ తెరిచినా వార్నింగ్. లోపలికి పోనివ్వదు. కేబుల్ వాళ్లను తిట్టాను. సాతానును గద్దించాను. లాభం లేదు.

అన్న ఫోన్‌లో ఒక్కొక్కటే అడిగాడు.

"కింద మూలన చిన్న బొమ్మ సూడప్పా. దాని మీద ఎర్ర ఇంటూ ఉండాదా?"

లేదు.

"ఎనక వైరు పీకి మళ్లా గుచ్చు. టక్ మనిందా?"

అంది.

"అయితే మోడెం ఆపి, ఒక చిన్న ప్రార్థన చేసుకొని ఆన్ చెయ్. చిన్నది అంటాండా. నీ ఉపవాస ప్రార్థన కాదు."

అదీ చేశాను. రాలేదు. తెల్లారితే ఆదివారం. అన్న ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేసి, ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల వచ్చేశాడు.

వచ్చి కుర్చీలో కూర్చోలేదు కూడా. స్క్రీన్ మూలన తేదీ చూసి నవ్వడం మొదలుపెట్టాడు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందట. అది అయిపోయి, గడియారం ఏళ్లకేళ్లు వెనక్కి పోయింది. తేదీ తప్పుంటే ఏ సైటూ మనల్ని నమ్మదట.

"నెట్ బాగనే ఉండాది జకరయ్యా. నువ్వేమో వారం వారం ప్రభువు రాకడ దగ్గరపడింది, రాకడ దగ్గరపడింది అని అరుస్తాండావ్. నీ కంప్యూటర్ సూడు, పదేండ్ల ఎనకనే నిలబడి ఉండాది!"

వంటింట్లోంచి మా ఆవిడ కూడా నవ్వింది.

ఆ బస్సు ప్రయాణాన్ని గుండెలో దాచుకున్నాను. తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి గురించి చెప్పినప్పుడల్లా, ఆ ఒక్క గొర్రె నేనే అనుకునేవాణ్ణి.

నిన్నటి నుంచి అన్నను తెలిసినవాళ్ల గ్రూపులో పోస్టులు చదువుతున్నాను.

మిగతా తొంభైతొమ్మిదీ అక్కడే ఉన్నాయి.

గోస్పాడు టీచరమ్మ రాసింది, "అన్న నా కోసం బస్సెక్కి వచ్చాడు" అని. చాగలమర్రి ఎరువుల షాపాయన రాశాడు, "నా ఒక్కడి కోసం వానలో తడుస్తూ వచ్చాడు" అని.

నా కోసం వచ్చినరోజు వాన కూడా లేదు.

వీళ్లందరినీ మించి బేతంచెర్ల బాషా. బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆయనది. కంప్యూటర్ వెనక వైరు గుచ్చే చోట రాతి దుమ్ము పేరుకుని నెట్ ఆగిపోయేదట. అన్న మూడుసార్లు వెళ్లాడట. మూడుసార్లు!

"ఊరందరి బండలకూ అద్దం మాదిరి పాలిష్ పడతాండావ్, దీని ఈపు మాత్రం ఎప్పుడూ తుడవవేందీ బాషా?" అన్నాడట.

నా మీద వేసిన జోకుకంటే అదే బాగుంది. అందుకే ఇంకా మండుతోంది.

మా ఇంట్లో అరగ్లాసు టీ తాగి బస్సుకు టైమైందన్న మనిషి, బాషా ఇంట్లో చాప మీద కూర్చుని బిర్యానీ తిన్నాడట. బాషా ఫోటో కూడా పెట్టాడు. ఆ లైకులు చూడలేక ఫోన్ బోర్లా పెట్టాను.

అసూయ పాపమని నాకెవరూ చెప్పక్కర్లేదు. బైబిల్లో దేవుడు అన్నదమ్ముల్లో ఒకడి అర్పణ తీసుకుని ఇంకొకడిది పక్కన పెడితే, ఆ రెండోవాడు తమ్ముణ్ణే పొలంలో ఎలా చంపాడో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేను. కానీ రోషం గలవాణ్ణని దేవుడే తన గురించి చెప్పుకున్నాడు. నేనెంత? మట్టి ముద్దను.

ఈ సాయంత్రం ఆళ్లగడ్డలో భూస్థాపన. సమాధి దగ్గర పాస్టరుగారు కాక ఇంకొక్కరే మాట్లాడతారని కబురు. ఆ ఒక్కరూ నేనే కావాలనుకున్నాను. బస్సు నాది కాకపోయినా, వాన నాది కాకపోయినా, ఆ రెండు మాటలైనా నావి కావాలి. వాక్యం కూడా తీసి పెట్టుకుని, ఇందాక వదినకు ఫోన్ చేసి అడిగాను.

"నువ్వూ అడిగినావా? బాషా అడిగినాడు, ఆ టీచరమ్మా అడిగింది. మాట్లాడేది మా మరిది. నీ మాటలు ఆయప్ప బతికినన్నాళ్లూ ఇన్న్యాడు, సాలు. నువ్వు పెట్టె మోయప్పా. ముందుపక్క కుడివైపు నీది."

"సరే వదినా. ఎడమవైపు ఎవరు?"

"బాషా."

బాషాను ఒకసారి అన్న కూతురి పెళ్లిలో చూశాను. నా భుజం దాకా వస్తాడు, అంతే. ఇద్దరం చెరోపక్క ఎత్తుకుంటే పెట్టె ఆయన వైపుకు ఒరుగుతుంది.

నేనే వంగి నడవాలి.

నిద్రపో ఓబులేసన్నా. గుంత దాకా నిన్ను ఒరగనివ్వం. ప్రభువు తన నెమ్మదిలో నిన్ను దాచుకోనీ.